మూడు గ్రాములు, రెండు అగ్గిపుల్లలు

పైపు వెలుగుతున్నంతసేపు కుర్చీలోంచి లేవకూడదు. ఆ గదిలో అది మొదటి నియమం. మనిషికి మూడు గ్రాముల పొగాకు, రెండు అగ్గిపుల్లలు, వెలిగించుకోవడానికి ఒక నిమిషం. ఆ తర్వాత ఆరిపోతే మళ్ళీ ముట్టించడానికి లేదు. "ఆరింది" అని ఒప్పుకుని పైపు బల్లమీద పెట్టేయాలి. అందరికంటే ఎక్కువసేపు ఎవరి పైపులో నిప్పు బతికుంటే వాళ్ళు గెలిచినట్టు. చెప్పుకుంటే ఇంతే. కానీ ఈ మాత్రం దానికే నలుగురు పెద్దమనుషులు పదకొండేళ్ళుగా ప్రతి నెలా మొదటి శనివారం మధ్యాహ్నం, తిన్నది గొంతు దిగీ దిగకముందే పరుగెత్తుకొచ్చి, ఒకరి పైపు వంక ఒకరు ఓరగా చూసుకుంటూ గంటసేపు కదలకుండా కూర్చుంటున్నారు. పిల్లలాట అని నవ్వేవాళ్ళు ఒక్కసారి కూర్చుని చూడాలి.

ఆ నలుగురిలో ఒకడు లేచి వెళ్ళిపోవడానికి ఎనిమిది నెలలుగా అనుమతి అడుగుతున్నాడు. పోటీ మధ్యలోంచి కాదు, ఆ ఊళ్ళోంచి. అతనికి దొరకడం లేదు.

అది తూకం యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీ. నగల కొట్లో బల్లమీద పెట్టుకునేవి మొదలు, లారీకి లారీనే ఎక్కించి తూచేవాటిదాకా అన్నీ చేస్తారు. ఏ యంత్రమైనా గేటు దాటాలంటే అతను పరీక్షించి సీలు వేయాలి. వెంట్రుకవాసి తేడా కనిపించినా వెనక్కి పంపేస్తాడు. అందుకే ఫ్యాక్టరీ మొత్తం అతన్ని గ్రాముగారంటుంది. మనం ఒట్టి గ్రాము అనుకుందాం, ఏమీ అనుకోడు. యాభై రెండేళ్ళవాడు. నోట్లో నాలుక లేని మనిషని కొందరు, ఉంది గానీ దాన్ని కూడా తూచి వాడతాడని కొందరు అంటారు.

భార్య వేరే ఊళ్ళో ఉంది. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే దూరం. అక్కడి పెద్దాసుపత్రి బ్లడ్ బ్యాంకులో ప్రమోషన్ మీద చేరి మూడేళ్ళయింది. పిల్లల్లేరు. ఆమెకు అక్కడ రెండు గదులు, ఇతనికి ఇక్కడ మూడు గదులు. రెండు చోట్లా ఒక్కొక్క కంచం, ఒక్కొక్క గ్లాసు. ఆ ఊళ్ళోనూ ఫ్యాక్టరీకి ఒక శాఖ ఉంది. అక్కడ సీలు వేసే ఇన్‌స్పెక్టరు త్వరలో రిటైరవుతున్నాడు. గ్రాము అక్కడికి బదిలీ అడిగాడు. కావలసిందల్లా కాగితం అడుగున ఒక్క సంతకం. ఆ సంతకం పెట్టాల్సింది పెద్దాయన.

పెద్దాయన అంటే ఫ్యాక్టరీ యజమాని. అరవై ఎనిమిదేళ్ళు, నిలువెత్తు మనిషి, గొంతు పెద్దది. మనసు కూడా చిన్నదేం కాదు, చిక్కంతా అక్కడే వచ్చిపడింది. దుర్మార్గుడైతే నాలుగు తిట్టుకుని తెగించి బయటపడొచ్చు. ఈయనేమో జ్వరమొస్తే ఇంటికి కారు పంపుతాడు, వచ్చి మంచం పక్కన కూర్చుంటాడు. బదిలీ మాట ఎత్తితే మాత్రం ఆ కాగితాన్ని ప్రేమగా మడిచి సొరుగులో పెట్టి, "చూద్దాం లేవయ్యా. నువ్వెళ్ళిపోతే నా ఎదురుగా ఎవరు కూర్చుంటారు?" అంటాడు. ఎనిమిది నెలలుగా అదే మాట, అక్షరం తేడా లేకుండా. గోడకు చెప్పుకుంటే గోడ కనీసం నవ్వదు.

ఉద్యోగం మానేసి పోవచ్చుగా అని అడిగేవాళ్ళుంటారు. సీలు వేయడం తప్ప మరో పని రానివాడికి, యాభై రెండేళ్ళు నిండినవాడికి, కొత్త ఊళ్ళో ఎవరు పని ఇస్తారు? భార్య సంపాదన మీద కూర్చుని తింటూ ఆమె డ్యూటీ దిగి వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ గడపడం అతని వల్ల అయ్యే పని కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అందుకే ఆ సలహా ఆమె ఎన్నడూ ఇవ్వలేదు.

అసలు గ్రాము ఆ గదిలో అడుగుపెట్టడమే పొగతాగడానికి కాదు. పదకొండేళ్ళ కిందట ఆ పోటీ ముగ్గురిదే. పెద్దాయన, పళ్ళ డాక్టరు, గడియారాల మేస్త్రి. పొగాకు చేత్తో చిటికెలుగా పంచుకునేవారు. ప్రతిసారీ నీకెక్కువ నాకు తక్కువ అని కొట్టుకునేవారు. తూకం యంత్రాల ఫ్యాక్టరీ మేడమీద తూకం గురించి తగువులా అని పెద్దాయనకు తలకొట్టేసినట్టయి, కిందినుంచి ఇన్‌స్పెక్టర్ని పిలిపించాడు. గ్రాము చిన్న త్రాసు పట్టుకొచ్చి, ముగ్గురికీ మూడేసి గ్రాములు తూచి పెట్టి వెళ్ళిపోబోయాడు. "ఎక్కడికయ్యా? కూర్చో," అన్నాడు పెద్దాయన. అలా కూర్చున్నవాడు ఇంకా లేవలేదు.

మొదటిరోజు నాలుక కాలింది, ఎక్కిళ్ళొచ్చాయి. రెండో నెల కళ్ళు తిరిగాయి. మూడో నెలలో ఏం జరిగిందో అతనే చెప్పలేడు. పెద్దాయన సొంతంగా కలుపుకునే పొగాకు డబ్బా మూత తీసినప్పుడు ఎండుగడ్డి వాసన, దాని వెనకే ఎండుద్రాక్ష వాసన వచ్చాయి. ఎనిమిది పాళ్ళు పసుపుపచ్చ వర్జీనియా, రెండు పాళ్ళు ఘాటైన బర్లీ ఆకు, పైన చిటికెడు పొగబెట్టిన నల్లాకు. నెమ్మదిగా పీలిస్తే మొదట తియ్యగా, సగానికి వచ్చేసరికి కాస్త కారంగా, అడుక్కి వెళ్ళేకొద్దీ కట్టెలపొయ్యి మీద కాచిన పాల వాసనగా మారింది. ఒకే ఆకు మూడు రకాలుగా మాట్లాడుతుందని అతనికి అప్పటిదాకా తెలియదు. ఆ రోజు గ్రాము ఇంటికి నడిచి వెళ్తూ తనలో తను నవ్వుకున్నాడు.

మనుషులు కూడా అలాగే అలవాటయ్యారు. పళ్ళ డాక్టరు నెలంతా వచ్చినవాళ్ళందరికీ పొగాకు ముట్టొద్దని చెప్పి, శనివారం ఇక్కడ తీరుబడిగా పైపు నింపుకుంటాడు. అడిగితే "చెప్పేది వృత్తి, తాగేది వ్యక్తి," అంటాడు. ఆయనకు వెనిలా వాసన వేసిన పొగాకే కావాలి. "పైపులో ఐస్‌క్రీం కాలుస్తున్నాడు" అని మిగతావాళ్ళు ఏడిపిస్తారు. ఒకసారి పెద్దాయన పొరపాటున డాక్టరు పైపు తీసుకుని తన పొగాకు నింపుకున్నాడు. కర్రకు పట్టిన వెనిలా వదలక, దమ్ము దమ్ముకీ బూతులు తిట్టాడు. మేస్త్రి బట్టతల, చెవికి దారంతో కట్టిన కళ్ళద్దాలు. ఒట్టి బర్లీ తప్ప ముట్టడు, పోటీలో సమయం చూసేది ఆయనే. గడియారం బాగుచేసేవాడు కాబట్టి ఆయన టైము ఎంతంటే అంతే. గంటలు గంటలు మాట్లాడుకోకుండా కూర్చున్నా ఎవరికీ ఏమీ లోటనిపించని నలుగురు దొరకడం మామూలు విషయం కాదు. గ్రాముకు పెళ్ళిలో కట్టుకున్న బంధం కాక మరో బంధం ఉందంటే అది ఇదే. కాళ్ళకు పడ్డ బంధమూ ఇదే.

ఆ గదిలోనే అతను జన్మలో చేసిన ఒకే ఒక్క దొంగ తూకం మొదలైంది.

చేరిన కొత్తలో ఒక నెల పెద్దాయనకు జలుబు చేసి పైపు తొందరగా ఆరిపోయింది. డాక్టరు గెలిచాడు. ఆ వారమంతా ఫ్యాక్టరీలో పెద్దాయన ఎవరితోనూ మాట్లాడలేదు. కోపంతో కాదు, దిగులుతో. అంత పెద్దమనిషి బొమ్మ పోగొట్టుకున్న పిల్లాడిలా వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే గ్రాము చూడలేకపోయాడు. పైగా అప్పటికే అతనికి ఒక సంగతి తెలిసిపోయింది. ఆకుని ఎంత గట్టిగా అదమాలో, ఎంత నెమ్మదిగా పీల్చాలో అతని వేళ్ళకీ ఊపిరికీ వాటంతటవే తెలిసిపోతున్నాయి. పూర్తి మూడు గ్రాములతో నిజంగా కూర్చుంటే తనని ఆ గదిలో ఎవరూ ఓడించలేరు. అందుకని ఆ తర్వాతి నెలనుంచి తన వాటాలో ఒక గ్రాము తక్కువ వేసుకోవడం మొదలుపెట్టాడు. తూచేది తనే కనుక ఎవరికీ అనుమానం రాలేదు. పెద్దాయన యాభై అయిదు నిమిషాలు, గ్రాము యాభై. ప్రతిసారీ రెండో స్థానం. నూట పాతిక పోటీలు దాటాయి. గోడవార అలమరలో పెద్దాయన గెలుచుకున్న కప్పులు మూడు వరసలయ్యాయి. లోకమంతా ఎదుటివాణ్ణి మోసం చేయడానికి తక్కువ తూస్తుంటే ఇతను తనకి తాను తక్కువ తూచుకున్నాడు. ఇలాంటివాణ్ణి ఏ చట్టంకింద పట్టుకోవాలో ఎవరికీ తెలియదు.

ఆ నెల మొదటి శనివారానికి ముందురోజు భార్య ఫోన్ చేసింది.

"ఇక్కడి ఇన్‌స్పెక్టరు మా బ్లడ్ బ్యాంకుకి వచ్చాడండీ, వాళ్ళమ్మాయికి రక్తం కావాలని. మాటల్లో చెప్పాడు. ఇంకో మూడు నెలలే ఉంటాడట. ఈలోగా మీ కాగితం రాకపోతే ఈ ఊరివాణ్ణే ఎవర్నో తీసుకుంటారట."

"అడుగుతూనే ఉన్నాను," అన్నాడు గ్రాము.

"ఎనిమిది నెలలుగా అడుగుతున్నారు. సూది చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళు కూడా మా దగ్గర అరగంటలో ధైర్యం తెచ్చుకుని చెయ్యి చాపుతారు. మీకెన్నాళ్ళు కావాలి?"

గ్రాము ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఆయనకి మీరంటే ఇష్టం. ఇష్టం ఉన్నవాళ్ళని ఎవరు పంపుతారు? ఒక్కసారి ఆయనకి కోపం తెప్పించండి. అదీ చేతకాదా?"

ఆమె విసుగ్గా అన్న మాటే గానీ, అతనికి రాత్రంతా చెవిలో జోరీగలా అదే తిరిగింది. పెద్దాయనకు కోపం తెప్పించే దారి అతనికి ఒక్కటే తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం గ్రాము నాలుగు వాటాలూ తూచాడు. తనది కూడా ముల్లు మూడు మీద నిలబడేదాకా ఒక్కొక్క పోగు వేస్తూ తూచాడు. మళ్ళీ ఓసారి సరిచూసుకున్నాడు. పదకొండేళ్ళ తర్వాత నిజం తూచడం అలవాటు తప్పినట్టుంది.

ముప్పై నిమిషాలకు డాక్టరుది ఆరింది. మాట్లాడకుండా ఉండలేని మనిషి, ఆయనది ఎప్పుడూ అంతే. నలభై మూడుకు మేస్త్రిది. యాభై దాటింది. గ్రాము ఎప్పుడూ పైపు దించే చోట దించలేదు. పెద్దాయన కనుబొమలు పైకి లేచాయి. యాభై ఆరో నిమిషంలో ఆయన పైపు అడుగున తడి గురగురమంది, పొగ సన్నగిల్లింది. రెండు బుగ్గలూ లోపలికి పోయేలా లాగాడు. రాలేదు. పైపుని బల్లమీద పెట్టి, "ఆరింది," అన్నాడు. ఆ మాట ఆయన నోట విని ఎన్నేళ్ళయిందో.

గ్రాము పైపు ఇంకా వెలుగుతూనే ఉంది. ఆఖరి పైపు ఆరేదాకా అందరూ కూర్చోవాలి. గంట. గంటా పది. కిటికీ సగమే తెరుచుకుంటుంది, పొగ కప్పుకింద దుప్పటిలా నిలిచిపోయింది. మూడు జతల కళ్ళు తన చేతిమీదే ఉన్నాయి. గ్రాము గుండె దడదడలాడుతోంది, ఊపిరి మాత్రం నిదానంగా నడుస్తోంది. ఆ రెంటికీ పొత్తు లేనట్టుంది. గంటా పందొమ్మిది నిమిషాలకి అతని పైపు ఆరింది.

పెద్దాయన లేచాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. ఇక మొదలవుతుంది అనుకుని గ్రాము తల వంచుకున్నాడు. పెద్దాయన అతన్ని కుర్చీలోంచి లేవదీసి రెండు చేతులా కావలించుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావయ్యా దీన్ని? గెలిచీ గెలిచీ నాకు విసుగెత్తిపోయిందంటే నమ్ముతావా! ఒక్కడన్నా నాకు సమ ఉజ్జీ దొరకడా అనుకున్నాను. వీళ్ళిద్దరూ సరే, వీళ్ళ మొహం."

"మా మొహానికేం వచ్చింది?" అన్నాడు డాక్టరు.

"సార్, నా బదిలీ," అన్నాడు గ్రాము.

"బదిలీయా? ఇప్పుడా? ఇంతటి మనిషివని తెలిశాక నిన్నెలా వదుల్తాననుకున్నావయ్యా!"

గ్రాముకు తను తవ్విన గోతిలో తనే పడటమంటే ఏమిటో తెలిసొచ్చింది. ఇంక మిగిలింది ఒక్కటే. కుండ బద్దలు కొట్టేశాడు.

"సార్, ఇన్నేళ్ళూ నేను ఒక గ్రాము తక్కువ వేసుకుని కూర్చున్నాను. కావాలనే ఓడిపోయాను. ఆ అలమరలో కప్పులు మీరు గెలిచినవి కావు."

మేస్త్రి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెద్దాయన మొహం వెలవెలపోయింది. అలమర దగ్గరకెళ్ళి మూడు వరసల కప్పుల్నీ చాలాసేపు చూశాడు. తిరిగి వచ్చి కూర్చునేసరికి మనిషి నాలుగేళ్ళు ముసలివాడైనట్టున్నాడు.

"నా ఫ్యాక్టరీలో దొంగ తూకం. అదీ నా బల్లమీద," అన్నాడు. గొంతు పెద్దగా లేదు.

"తప్పయింది సార్. నన్ను పంపేయండి."

"పంపుతాను." సొరుగులోంచి కాగితం తీసి బల్లమీద పరిచాడు. పెద్దాయన దాన్ని మళ్ళీ మడిచాడు. "నేను నిన్ను నిజంగా ఓడించిన రోజు పంపుతాను. ఒక్కటంటే ఒక్క నిజమైన గెలుపు బాకీ ఉన్నావు నాకు. నెలకోసారి కాదు, ఇకనుంచి ప్రతి శనివారం. తూచేది మేస్త్రి."

గ్రాము మెట్లు దిగుతూ పైకి దిగులుగా ఉన్నాడు గానీ లోపల ఎగిరి గంతేశాడు. ఓడిపోవడమేగా! నూట పాతిక సార్లు చేసిన పని.

తర్వాతి శనివారం ఇరవై అయిదో నిమిషంలో పైపు దించి, "ఆరింది," అన్నాడు. పెద్దాయన తన పైపు ఆరేదాకా కాల్చి, అప్పుడు గ్రాము పైపుని త్రాసు పళ్ళెంలో బోర్లించి తట్టాడు. బూడిద ఊదేశాక కాలని ఆకు పోగుపడింది. ముల్లు గ్రామున్నర చూపించింది.

"ఇది ఓడిపోవడం కాదు. ముష్టి వేయడం," అన్నాడు పెద్దాయన. కోపం లేదు, కళ్ళలో నీళ్ళలాంటివేవో తిరిగాయి. "నీ కాగితం మీద నేను పెట్టే సంతకం ముష్టి సంతకం కావాలా నీకు?"

అప్పుడర్థమైంది గ్రాముకు తను ఎక్కడ ఇరుక్కున్నాడో. గెలిస్తే పోనివ్వడు. ఓడితే నమ్మడు. ఆకు మొత్తం బూడిదయ్యేదాకా నిజాయితీగా కాల్చాలి, అలా కాలిస్తే తనది గంటంపావు పైనే వెలుగుతుంది, పెద్దాయనది యాభై అయిదు దాటదు. కక్కలేక మింగలేక రెండు శనివారాలు గెలిచాడు. గెలిచిన ప్రతిసారీ ఒక వారం పోయింది.

మూడో వారం అతనికి ఒక ఉపాయం తట్టింది. తను కిందికి దిగలేకపోతే పెద్దాయన్ని పైకి తేవాలి. "సార్, మీకు నేర్పుతాను," అన్నాడు. పెద్దాయన ఒక్క క్షణం బిగుసుకుని, తర్వాత పిల్లాడిలా తలూపాడు.

రోజూ ఫ్యాక్టరీ కూత వేశాక ఇద్దరూ మేడమీద కూర్చునేవారు. పెద్దాయన లాగుడు మరీ మొరటు. పైపు చేతిలో పట్టుకోలేనంత కాలిపోయేది. "దమ్ము లాగకండి సార్. నిద్రపోయే పిల్లాడు ఊపిరి తీసినట్టు, అంతే," అనేవాడు గ్రాము. కింద వదులుగా, మధ్యలో కాస్త గట్టిగా, పైన వేలితో అదిమీ అదమనట్టు నింపాలని చేయి పట్టుకుని చూపించేవాడు. మొదట్లో పెద్దాయన వేళ్ళు మాట వినేవి కావు. రెండు వారాలకి వినడం మొదలుపెట్టాయి. గంట దాటాడు. గంటా అయిదు. గ్రాము నూరు డబ్బాల ఆకులు రుచి చూసినప్పుడు కూడా ఇంత ఆనందపడలేదు. ఒక సాయంత్రం పెద్దాయన కళ్ళు మూసుకుని, "ఒరేయ్, అడుగుకొచ్చేసరికి పాల వాసన వస్తోందిరా!" అని అరిచాడు. ముప్పై ఏళ్ళుగా తను కలుపుతున్న పొగాకు అడుగు రుచి ఆయనకు అప్పుడే తెలిసింది. గ్రాము సంతోషంతో బల్లమీద చేత్తో చరిచాడు. ఆ సంగతి ఆ రాత్రి భార్యకి ఫోన్లో అరగంట చెప్పాడు.

ఆమె అంతా విని, "బావుంది," అంది. తర్వాత, "ఏవండీ, ఒక మాట అడగనా? అసలు మీకు రావాలనుందా?" అంది.

"అదేం మాట! అందుకేగా ఇదంతా."

"ఇదంతా అందుకేనా అని నాకు అనుమానంగా ఉంది. ఆయన పైపులో వాసన గురించి అరగంట చెప్పారు. నేను ఈవారం ఏ డ్యూటీలో ఉన్నానో అడగలేదు."

గ్రాము నాలుక కరుచుకున్నాడు. నిజమే, అడగలేదు. గబగబా అడిగాడు. ఆమె చెప్పింది. ఇద్దరికీ అది ఆలస్యంగా అడిగిన ప్రశ్న అని తెలుస్తూనే ఉంది.

మూడు నెలలూ అలా గడిచి ఆఖరి శనివారం వచ్చింది. సోమవారం ఉదయానికి కాగితం ఆ శాఖకి చేరకపోతే ఆ ఉద్యోగం వేరేవాడిది. "ఈరోజు కాకపోతే ఇక లేనట్టే," అంది భార్య పొద్దున్నే. "కాఫీకి రెండు గ్లాసులు కొన్నాను," అని పెట్టేసింది.

మేస్త్రి మూడేసి గ్రాములు తూచాడు. డాక్టరు ఆరోజు నోరు మెదపలేదు, అందుకే ఆయనది ఎన్నడూ లేనంతసేపు వెలిగింది. ఆయనకూ మేస్త్రికీ ఆరిపోయాక ఇద్దరే మిగిలారు. గంట దాటింది. గ్రాము ఉన్నదున్నట్టు కాలుస్తున్నాడు. ఇవాళ ఏ వంకా లేకుండా కాల్చాలని ఒట్టుపెట్టుకుని మరీ కూర్చున్నాడు. గంటా పది. పెద్దాయన పైపులో పొగ దారంలా, తెగకుండా వస్తోంది. చెయ్యి వణకడం లేదు. అదిమే కడ్డీని వేళ్ళ చివర్లతో పట్టుకుని ఆకుని తాకీ తాకనట్టు తాకాడు. గ్రాము చూశాడు. ఎంత బాగా చేస్తున్నాడు! తను చెప్పినదానికంటే బాగా చేస్తున్నాడు. పెద్దాయన కళ్ళు అరమోడ్చి, ఊపిరిలో ఊపిరిగా ఒక దమ్ము తీసి, పెదవి పక్కనుంచి వదిలాడు. ఆ తీరు చూస్తూ గ్రాము మైమరచిపోయాడు. చదువు చెప్పిన పిల్లాడు పదిమందిలో నిలబడి తడుముకోకుండా పాఠం ఒప్పజెప్తుంటే చూసినట్టే ఉంది అతనికి.

తేరుకుని పైపు నోట్లో పెట్టుకుని పీలిస్తే చల్లగాలి వచ్చింది.

మళ్ళీ పీల్చాడు. లేదు. ఎప్పుడు పీల్చడం ఆపాడో అతనికే తెలియదు.

"ఆరింది," అన్నాడు. ఒక క్షణం తర్వాత గాని అతనికి ఆ మాట అర్థం కాలేదు. అర్థం కాగానే లేచి నిలబడ్డాడు. "ఆరింది సార్! ఓడిపోయాను! నిజంగా ఓడిపోయాను!"

గంటా పన్నెండు అన్నాడు మేస్త్రి. పెద్దాయన మరో ఆరు నిమిషాలు కాల్చాడు. నిప్పు ఆఖరి రవ్వదాకా కాల్చి, చిన్నపిల్లాడిలా నవ్వుతూ లేచి, అలవాటు కొద్దీ గ్రాము పైపుని త్రాసు పళ్ళెంలోకి తట్టాడు. నవ్వు ఆగిపోయింది. బూడిదలో కాలని ఆకు కొంత మిగిలి ఉంది.

"మళ్ళీ నా మీద జాలిపడ్డావు," అన్నాడు.

"లేదు సార్! మీరు కాలుస్తుంటే చూస్తూ ఉండిపోయాను. పీల్చడం మర్చిపోయాను. నిజం."

"పదకొండేళ్ళలో ఎన్నడూ మర్చిపోనివాడివి సరిగ్గా ఇవాళ మర్చిపోయావా?"

"ఒట్టు సార్."

"ఇన్నేళ్ళూ ఓడిపోయినప్పుడు కూడా నీ మొహం ఇలాగే ఉండేది," అన్నాడు పెద్దాయన. కాగితాన్ని సొరుగులో పెట్టి, కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. డాక్టరు వంక చూశాడు గ్రాము. ఆయన తల దించుకున్నాడు. మేస్త్రి గడియారం వంక చూస్తున్నాడు. ఇన్నేళ్ళ స్నేహితులు, ఒక్కడు కూడా నమ్మలేదు. నమ్మమని అడగడానికి అతని దగ్గర మాట తప్ప ఏముంది? ఆ మాటకి సీలు వేసి చూపించే యంత్రం ఆ ఫ్యాక్టరీలో తయారు కాదు.

కిందికి దిగి, గేటు పక్కన నిలబడి భార్యకి ఫోన్ చేశాడు. ఒక్క రింగుకే ఎత్తింది.

"పెట్టారా?"

"లేదు. ఓడిపోయాను, కానీ నమ్మలేదు." జరిగింది జరిగినట్టు చెప్పాడు. పెద్దాయన చెయ్యి, ఆ పొగ, ఆ దమ్ము, తను చూస్తూ ఉండిపోవడం. "నిజంగా మర్చిపోయాను. నువ్వు కూడా నమ్మవేమో."

అవతల గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"నేను నమ్ముతానండీ," అంది. "ఆయన్ని చూస్తూ మీరు అన్నీ మర్చిపోయుంటారు. ఇవాళ ఏ రోజో కూడా మర్చిపోయుంటారు. నాకు తెలుసు. నేనొక్కదాన్నే నమ్ముతాను."

అతను ఏదో అనబోయేలోపు ఆమె ఫోన్ పెట్టేసింది.